పగడాల తొట్టెలో కలుపు

సముద్రపు నీటిని పోలిన ఉప్పునీటిని గాజు తొట్టెలో నింపి, అందులో సజీవ పగడాలను, వాటి సందుల్లో తిరిగే చేపలను, రొయ్యలను కలిపి పెంచే వ్యాసంగం అమెరికా, ఐరోపా దేశాలలో బాగా వేళ్లూనుకున్నది. ఇటువంటి తొట్టెను రీఫ్ ట్యాంక్ అంటారు. ఖరీదైన దీపాలు, పంపులు అమర్చుకొని, లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణం, 25 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా ఉష్ణోగ్రత నిలకడగా ఉండేటట్టు కనిపెట్టుకొని చూసేవారి తొట్టెలో కూడా, కొనకుండా, నాటకుండా, ఒకనాడు రాతి మీద గోధుమ రంగు చిన్న పువ్వు వంటిది విచ్చుకొని కనిపిస్తుంది. అదే ఐప్టేసియా అనే సముద్ర ఎనిమోన్. చూపుకు సొగసుగానే ఉండే ఈ జీవిని ఊరికే వదిలేసినా, తొందరపడి గీకేసినా, కొన్ని నెలలు తిరిగేసరికి వందల సంఖ్యలో పెరిగి పగడాలకు చోటు లేకుండా చేస్తుంది గనుక, దాని మీద చేయి వేయడానికి ముందే దాని శరీర ధర్మం తెలుసుకోవడం అవసరం.

పువ్వులా కనిపించినా ఇది జంతువు. జెల్లీ చేపలు, హైడ్రాలు, పగడాలు చేరిన నిడేరియా వర్గానికి చెందుతుంది. ఆ వర్గంలోనూ పగడాలున్న ఆంథోజోవా విభాగంలోనే ఉంటుంది కాబట్టి తొట్టెలో పగడానికీ దీనికీ మధ్య జరిగేది ఒక విధంగా దాయాదుల పోరు. రాతిని కరచుకొని ఉండే పాదచక్రం, దాని మీద గొట్టం వంటి మెత్తని పారదర్శక దేహం, పై కొసన నోరు, నోటి చుట్టూ వరుసలుగా సన్నని స్పర్శకాలు ఉంటాయి. ఆహారం లోనికి పోయేదీ, వ్యర్థం బయటికి వచ్చేదీ ఆ ఒక్క నోటి నుంచే. స్పర్శకాల నిండా దంశకణాలుంటాయి; ఒక్కొక్క దంశకణంలో చుట్ట చుట్టుకొని ఉన్న విషపు దారం తాకిడి తగలగానే బయటికి దూసుకువచ్చి గుచ్చుకుంటుంది. హైడ్రాలో ఈ చర్యను కొలిచినప్పుడు, దూసుకువచ్చి గుచ్చుకునే తొలి ఘట్టం సెకనులో పది లక్షవ వంతు కంటే తక్కువ కాలంలో ముగుస్తుందని తేలింది. ఐప్టేసియా కణజాలంలో పగడాలలో మాదిరే సూక్ష్మ శైవలాలు కాపురముండి, వెలుతురులో చక్కెరలు తయారుచేసి ఆతిథ్యమిచ్చిన జీవికి అందిస్తాయి. అంటే పగడం కోసం అమర్చిన దీపం దీన్ని కూడా పోషిస్తుంది. చేపల కోసం వేసిన మేతలో మిగిలిన నలుసులూ దీని నోట్లోకే పోతాయి.

ఈ ప్రజాతికి 1858లో ఐప్టేసియా అని పేరు పెట్టినవాడు ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫిలిప్ హెన్రీ గాస్. 1854లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది అక్వేరియం’ చదివి, ఇంగ్లండులో మధ్యతరగతి కుటుంబాలవారు సముద్రతీరాలకు వెళ్లి ఎనిమోన్లను ఏరి తెచ్చుకొని గాజు పాత్రల్లో పెంచుకోవడం ఆ రోజుల్లో ఒక మోజుగా సాగింది. నేడు పట్టుబట్టి చంపజూస్తున్న జీవుల కుటుంబాన్నే నాటివారు పనిగట్టుకొని తెచ్చుకొని ముచ్చటపడ్డారన్నది గమనింపదగిన విషయం. ఎనిమోన్ల ఆయువు సంగతి కూడా అప్పుడే కొంత తెలిసింది. సర్ జాన్ డేలియల్ 1828లో స్కాట్లండ్ తీరంలో సేకరించిన ఒక ఎనిమోన్, ఆయన గతించిన తరువాత కూడా చేతులు మారుతూ ఎడిన్‌బరోలో 1887 దాకా బతికింది. దాన్ని ముద్దుగా ‘గ్రానీ’ అని పిలిచేవారు. అది వేరొక జాతిదే అయినా, వయసు మీరి అదే పోతుందిలే అని ఊరుకునే వీలు ఈ కుటుంబంతో లేదని చెప్పడానికి ఆ ఉదాహరణ చాలు. ఇంటి తొట్టెల్లో సాధారణంగా కనిపించే జాతిని శాస్త్రవేత్తలు 2014 నుంచి ఎక్సైప్టేసియా అనే కొత్త ప్రజాతి కింద చేర్చారు గాని, వాడుకలో పాత పేరే నిలిచింది.

చిక్కంతా దీని సంతానోత్పత్తి పద్ధతిలో ఉంది. అండాలు, శుక్రకణాలు వదిలి డింభకాలను పుట్టించే శక్తి దీనికి ఉన్నప్పటికీ, తొట్టెలో దీని వ్యాప్తి ఎక్కువగా అలైంగికంగానే సాగుతుంది. రాతి మీద మెల్లగా జరుగుతున్నప్పుడు పాదచక్రపు అంచు నుంచి గుండుసూది తలంత ముక్కలు తెగి వెనుక మిగిలిపోతాయి. ఒక్కొక్క ముక్క రెండు మూడు వారాల్లో నోరు, స్పర్శకాలు మొలిపించుకొని, తల్లికి అచ్చుపోసిన నకలుగా తయారవుతుంది. పట్టకారుతో పట్టి లాగితే ఏమి జరుగుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. తాకీ తాకకముందే ఆ జీవి స్పర్శకాలను ముడుచుకొని రాతి రంధ్రంలోకి దిగిపోతుంది. దేహంపై ఉన్న సన్నని రంధ్రాల గుండా దంశకణాలు నిండిన తెల్లని పోగులు బయటికి వచ్చి పక్కనున్న పగడాన్ని కాలుస్తాయి. లాగినవారి పట్టకారులో దేహంలో సగం మాత్రమే మిగిలి, పాదచక్రం రాతిలోనే ఉండిపోతుంది. పొలంలో తుంగను పైపైన పీకితే నేలలో మిగిలిన గడ్డల నుంచి అది రెట్టింపుగా లేచినట్టే, గీకిన చోట ఐప్టేసియా గుంపులుగా లేస్తుంది. కత్తితో గీకడం, బ్రష్‌తో రుద్దడం, సూదితో కుళ్లబొడవడం ఈ మూడింటినీ నివారణోపాయాల పట్టికలోంచి తీసివేయవలసిందే.

దీపాలు ఆర్పి మాడ్చవచ్చన్న ఆలోచన కూడా పనిచేయదు. వెలుతురు లేకపోతే పగడాలు చనిపోతాయి. ఐప్టేసియా మాత్రం తనలోని శైవలాలను పోగొట్టుకొని తెల్లబడి, నీటిలో కొట్టుకువచ్చే నలుసులను తింటూ, వడపోత నీరు చేరే చీకటి సంపులోనూ, గొట్టాల లోపలి గోడల మీదా నెలల తరబడి బతుకుతుంది. పెంపకందారులకు తలనొప్పిగా మారిన ఈ గుణమే ప్రయోగశాలలకు వరమైంది. పగడం, శైవలం మధ్య సహజీవనం ఎలా కుదురుతుంది, సముద్రం వేడెక్కినప్పుడు ఎందుకు చెడుతుంది అన్న ప్రశ్నలకు జవాబు వెదకాలంటే, శైవలం లేకుండా కూడా బతికి, మళ్లీ శైవలాన్ని చేర్చుకోగల జీవి కావాలి. తొందరగా పెరగాలి, ఒకే జన్యు వారసత్వం గల వేలాది నకళ్లు దొరకాలి. ఐప్టేసియాలో ఇవన్నీ ఉన్నాయి. దీని పూర్తి జన్యుక్రమం 2015లో ప్రచురితమైంది. పగడాలు తెల్లబడి చనిపోయే ఉపద్రవాన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు ఆధారపడుతున్న జీవుల్లో ఇంటి తొట్టె చీడ ముందు వరుసలో ఉండడం విచిత్రమే.

ఇది తొట్టెలోకి వచ్చే దారులు ప్రధానంగా రెండు: రాయి, పగడపు ముక్క. ఇండోనేసియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1960 ప్రాంతంలో సముద్రపు రాళ్లను వాటి మీది జీవరాశితో సహా తొట్టెలో పెట్టి, గాలి బుడగల సాయంతో నీటిని శుభ్రంగా ఉంచే పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశాడు. ఆ రాయికి లైవ్ రాక్ అని పేరు. అందులోని బ్యాక్టీరియా చేపల వ్యర్థంలోని అమోనియాను విరగ్గొట్టి నీటిని కాపాడుతుంది. అయితే ఆ రాతి రంధ్రాల్లో దాగిన ఐప్టేసియా కూడా ఉచితంగా వస్తుంది. అందుచేత కొత్తగా మొదలుపెట్టేవారు ఎండు రాయినే ఎంచుకొని, అందులో బ్యాక్టీరియా స్థిరపడడానికి నెలా నెలన్నర ఓపిక పట్టడమే మేలు. పగడపు ముక్కల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అమ్మేవారు వాటిని చిన్న దిమ్మెలకు అతికించి ఇస్తారు. చీడ సాధారణంగా పగడం మీద కాక ఆ దిమ్మె అడుగున, అంచున నక్కి ఉంటుంది. తేగానే పగడాన్ని దిమ్మె నుంచి కోసి, కొత్త దిమ్మెకు సూపర్ గ్లూతో అతికించి, పాతదాన్ని పారవేయడం అన్నిటికన్నా నమ్మదగిన ఉపాయం. పగడాలను ముంచి తీసే మందులు పురుగుల మీద పనిచేసినంతగా ఐప్టేసియా మీద పనిచేయవు. ఆపైన నాలుగు నుంచి ఆరు వారాలు వేరే చిన్న తొట్టెలో ఉంచి, రాత్రి పూట నీలి కాంతిలో భూతద్దంతో పరిశీలిస్తే, పగలు కంటబడని పిల్లలు కనిపిస్తాయి. మేతను మోతాదు మించనీయకుండా, నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ పేరుకోకుండా చూడడం వల్ల చీడ చావదు గాని, దాని పెరుగుదల మందగిస్తుంది.

వచ్చిపడినవి ఐదారు మాత్రమే అయితే సున్నం చాలు. తాంబూలంలో వాడే తడి సున్నం, పగడాలకు కాల్షియం అందించడానికి పెంపకందారులు కాల్క్‌వాసర్ అనే జర్మన్ పేరుతో వాడే పొడి, రసాయనికంగా ఒకటే: కాల్షియం హైడ్రాక్సైడ్. పీహెచ్ విలువ 12 దాటే ఈ క్షారం మెత్తని కణజాలాన్ని కాల్చివేస్తుంది. అయితే తొట్టెకు వాడేది సుగంధమూ రంగూ కలపని శుద్ధమైన పొడి అయి ఉండాలి. పంపులన్నీ ఆపి, పొడిని కొద్ది నీటితో చిక్కని ముద్దగా కలిపి సిరంజిలోకి ఎక్కించి, దాని కొసకు సన్నని గొట్టం తొడిగి, ఎనిమోన్ ఉలిక్కిపడకుండా మెల్లగా నోటి దగ్గరకు తేవాలి. గుచ్చకుండా నోటి మీద ముద్దను దించితే, మేతే అనుకొని అది లోనికి లాక్కొని ముడుచుకుంటుంది. అప్పుడు రంధ్రం మూసుకుపోయేటట్టు పైన మరికొంత కప్పి, పావుగంట ఆగి పంపులు నడపాలి. ఒకేరోజు పదీ ఇరవై మీద ప్రయోగిస్తే నీటి క్షారత పెరిగి పగడాలకే ముప్పు వస్తుంది కాబట్టి, రోజుకు నాలుగైదింటితో సరిపెట్టుకోవాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఇదే సూత్రం మీద తయారైన మందులు బజారులో దొరుకుతాయి. నిమ్మరసం, వెనిగర్, మరిగే నీరు వాడేవారూ ఉన్నారు. పాదచక్రం దాకా చేరనప్పుడు వాటి ఫలితం అరకొరే.

వందల్లో ఉన్నప్పుడు సిరంజి పట్టుకొని కూర్చోవడం వృథా ప్రయాస. అప్పుడు దాన్ని తినే జీవులను దింపాలి. వీటిలో మేలైనది బెర్ఘియా స్టెఫానియే అనే సముద్రపు నత్త. గుల్ల లేని ఈ నత్తను ఫ్లోరిడా నుంచి 2005లో కొత్త జాతిగా వర్ణించారు. రెండు సెంటీమీటర్లు మించని తెల్లని దేహం, వీపు నిండా వేళ్లవంటి మొలకలు. ఐప్టేసియా తప్ప మరొకటి తినదు. విచిత్రమేమంటే, ఎనిమోన్ దంశకణాల్లోని విషపు తిత్తులను అరిగించుకోకుండా వీపు మీది మొలకల చివరల్లో దాచుకొని, తన రక్షణకు తానే వాడుకుంటుంది. పగలు రాతి కింద దాగి, దీపాలు ఆరాక బయలుదేరి, సర్పిలాకారపు తెల్లని గుడ్ల పేటికలు పెడుతూ తొట్టెలోనే సంతతిని పెంచుకుంటుంది. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. చివరి ఐప్టేసియా తీరిపోయాక నత్తలు ఆకలితో చనిపోతాయి గనుక, మిగిలినవాటిని మరొకరికి ఇవ్వడం మర్యాద. రాస్ జాతి చేపలు, పంపుల నోళ్లు ఈ నత్తలకు శత్రువులు.

ఫ్లోరిడా, మెక్సికో సింధుశాఖ ప్రాంతాల్లో దొరికే పెప్పర్‌మింట్ రొయ్యలు చవక. చిన్న ఐప్టేసియాలను చక్కగా తింటాయి, పెద్దవాటి జోలికి పోవడం అరుదు, చేపల మేత దొరికితే అసలు పనే మానేస్తాయి. ఇవి బెర్ఘియా నత్తలను కూడా తినగలవు గనుక, రెండు వైద్యాలూ ఒకేసారి చేయకూడదు. వీటిని పోలిన క్యామెల్ రొయ్యను పొరపాటున తెస్తే అది పగడాలనే కొరుకుతుంది. పొడుగాటి ముక్కుగల కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప, ఒక రకం ఫైల్‌ఫిష్ కూడా ఎనిమోన్లను తింటాయి; మొదటిది తొట్టెలో మేత ముట్టక చనిపోవడం సర్వసాధారణం, రెండోది మెత్తని పగడాలను రుచి చూడదని హామీ లేదు. ఒక చీడను తొలగించడానికి బతకని చేపను కొనడం సమర్థనీయం కాదు.

మజానో అనే మరొక చీడ ఎనిమోన్ పొట్టిగా, స్పర్శకాల కొసలు ఉబ్బి, పచ్చని రంగుతో అందంగా ఉంటుంది. విదూషక చేపలకు ఆశ్రయమిచ్చే బబుల్‌టిప్ ఎనిమోన్ పిల్ల అని భ్రమపడి దీన్ని పెంచినవారు తరువాత చింతిస్తారు. బెర్ఘియా దీన్ని ముట్టదు, సున్నమే గతి.

రాయినే బయటికి తీసి శుభ్రం చేయదలచినవారు దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టరాదు. అదే రాతి మీద ఉండే జోయాంథిడ్ పగడాలలో కొన్నింటికి పాలిటాక్సిన్ అనే తీవ్ర విషం ఉంటుంది. 1971లో హవాయి పరిశోధకులు వేరుచేసిన ఈ విషం ఆవిరితో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంటి తొట్టె రాళ్లను బయటికి తీసినప్పుడు ఆ ఇంటివారితో పాటు సాయానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఆసుపత్రి పాలయ్యారు. తొడుగులు ధరించి, రాతిని ఆరుబయట వారాల తరబడి ఎండబెట్టడమే క్షేమం.

భారతదేశంలో ఈ వ్యాసంగానికి చట్టపు హద్దు ఉంది. రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చినందున, మన్నార్ సింధుశాఖ నుంచి గాని, లక్షద్వీప్, అండమాన్ దీవుల నుంచి గాని వాటిని సేకరించడం, అమ్మడం నేరం. విదేశాలలో ఈ తొట్టెలు పెంచుతున్న తెలుగువారికి చెప్పవలసింది మరొకటి ఉంది. విసుగుపుట్టి తొట్టె తీసివేసేటప్పుడు అందులోని రాళ్లను, నీటిని సముద్రంలోనో కాలువలోనో వదలకూడదు. ఇతరులకు పగడపు ముక్క ఇచ్చేటప్పుడు, తమ తొట్టెలో ఐప్టేసియా ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.