రైతు దగ్గరికి నడిచొచ్చిన ప్రదర్శన

ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి పోటీకి తోలుకెళ్లే రైతు సంబరం మనకు కొత్తకాదు. ఇట్లాంటి సంబరమే ఇంగ్లండులో 1839లో మొదలైంది. మధ్యమధ్య ఆగినా 2009 దాకా నడిచింది. దాని పేరు రాయల్ షో. అది ఎట్లా నిలదొక్కుకుందో, ఎక్కడ దెబ్బతిన్నదో చిన్న రైతు తెలుసుకోదగ్గ సంగతి.

ఏడాదికో ఊరు

1838లో లండన్‌లో కొందరు భూస్వాములు, రైతులు కలిసి వ్యవసాయ సంఘం పెట్టారు. 1840లో విక్టోరియా రాణి అధికార పత్రం ఇచ్చింది. ఆచరణకు శాస్త్రం తోడు కావాలన్నది సంఘం నినాదం. మొదటి ప్రదర్శన ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది. మరుసటేడు కేంబ్రిడ్జి, ఆ పైఏడు లివర్‌పూల్. రైతును లండన్‌కు రమ్మనకుండా ప్రదర్శనే జిల్లాలకు వెళ్లేది. మా ఊరికి రావాలంటే మా ఊరికి రావాలని పట్టణాలు పోటీపడేవి. స్థలం చూపడం, చందాలు పోగుచేయడం ఆ ఊరివాళ్ల వంతు. రైళ్లు వచ్చాక పశువులనూ, పనిముట్లనూ దూరం నుంచి తేవడం తేలికైంది.

పనిముట్లను వరసగా నిలబెట్టి చూపి ఊరుకోలేదు. పొలంలో దింపి పని చేయించి చూశాకే బహుమతి. 1858లో చెస్టర్‌లో ఆవిరి నాగలికి జాన్ ఫౌలర్ 500 పౌండ్లు గెలుచుకున్నాడు. ఇంజను పొలం గట్టున నిలబడితే, ఇనుప తాడు నాగలిని లాగేది. బరువైన ఇంజను దుక్కిలోకి దిగదు కాబట్టి నేల గట్టిపడదు.

రోగం, వాన

1865లో పశువులకు ముసర రోగం సోకింది. పశువులను ఒకచోట చేరిస్తే రోగం పాకుతుందని 1866లో ప్రదర్శనే మానేశారు. ఆ రోగం 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. 1879లో లండన్ పక్కన కిల్‌బర్న్‌లో ఘనంగా ఏర్పాటు చేస్తే ఎడతెగని వాన పట్టుకుంది. మైదానమంతా బురద. సంఘానికి పెద్ద నష్టం.

కల్తీ మీద కన్ను

ఆ రోజుల్లో అక్కడ గ్వానో అనే పక్షిరెట్ట ఎరువుకు గిరాకీ. వ్యాపారులు అందులో ఇసుక, మట్టి కలిపి అమ్మేవారు. గానుగ పిండిలోనూ కల్తీయే. సంఘం 1857లో ఆగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తను పెట్టుకుంది. సభ్యుడు నమూనా పంపితే పరీక్ష చేసి చెప్పేవాడు. మోసాలను సంఘం అచ్చువేసి బయటపెట్టేది. 1893లో చట్టమే వచ్చింది: ఎరువు అమ్మేవాడు అందులో ఏముందో రసీదు మీద రాసివ్వాలి.

కూర్చుంటే ఎవరొస్తారు?

ఊరూరా తిరగడం ఖర్చని 1903లో ప్రదర్శనను లండన్ శివారు పార్క్ రాయల్‌లోని శాశ్వత స్థలానికి మార్చారు. జనం రాలేదు. మూడేళ్లకే చేతులెత్తేసి, 1906లో డర్బీతో మళ్లీ ప్రయాణం కట్టారు. 1963 నుంచి స్టోన్‌లీలో స్థిరపడ్డ ప్రదర్శన 2009లో ముగిసింది.

మన రైతుకు మార్కులు

వోల్కర్ కొడుకు జాన్ ఆగస్టస్ తండ్రి తర్వాత అదే పనిలో చేరాడు. 1889 చివర మన దేశానికి పంపితే ఏడాదికి పైగా తిరిగాడు. 1893లో అచ్చయిన నివేదికలో ఆయన తేల్చిందేమంటే, ఇక్కడి మంచి రైతు అక్కడి మామూలు రైతుకు ఏమాత్రం తీసిపోడు, కొన్ని విషయాల్లో మిన్న, లోటల్లా వసతులదే. పేడ పిడకలై పొయ్యిలోకి పోతోందని బాధపడి, వంటచెరకు చెట్లు పెంచి పేడను పొలానికి మళ్లించాలన్నాడు.

బహుమతి ఎవరిదైనా, చూసొచ్చిన రైతుకు మిగిలేది రెండు మాటలు. పని చూడకుండా పనిముట్టు కొనొద్దు. రసీదు లేకుండా ఎరువు సంచి ఎత్తొద్దు. సంచీ, రసీదూ పంట చేతికొచ్చేదాకా దాచిపెట్టండి.