బీ2 దాటాక మొదలయ్యే జర్మన్

జర్మనీకి వెళ్లాలనుకునే తెలుగు నర్సులు ఇద్దరు కలిస్తే ముందు వచ్చే ప్రశ్న ‘బీ1 అయిందా, బీ2 రాస్తున్నావా?’ ఐరోపాలో భాషా సామర్థ్యాన్ని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. పూర్తి స్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 ఉండాలి. గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి పని, సహాయకురాలి జీతం.

అవకాశాలైతే పెరిగాయి. వృద్ధుల సంఖ్య పెరుగుతున్న జర్మనీలో ఆసుపత్రులకూ వృద్ధాశ్రమాలకూ సిబ్బంది చాలడం లేదు. నైపుణ్యమున్న భారతీయులకు ఏడాదికి ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతున్నట్టు ఆ దేశం 2024 అక్టోబరులో ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. జర్మన్ స్థాయిని కొలిచే గోథే పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. బీ2లో ఒక్కో భాగంలో నూటికి 60 రావాలి. తప్పిన భాగాన్ని మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు.

తెలుగువాళ్లకు ఇందులో కొంత కలిసొచ్చేదీ ఉంది. జర్మన్ ఉపవాక్యాల్లో క్రియ చివరికి వెళ్తుంది. ఇంగ్లిష్ అలవాటుతో వచ్చేవాళ్లను ఇది తికమక పెడుతుంది కానీ, మనకు పుట్టుకతో వచ్చిన వరసే. నువ్వు, మీరు అనే తేడా కూడా అక్కడ ఉంది. అయితే బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, కిటికీ నపుంసకం అని ప్రతి నామవాచకానికీ లింగం గుర్తుపెట్టుకోవడమే పెద్ద బరువు.

అసలు జాగ్రత్త అంకెల దగ్గర కావాలి. జర్మన్‌లో 25ను ‘అయిదూ ఇరవై’ అన్న వరసలో పలుకుతారు. ఫోన్‌లో ల్యాబ్ ఫలితం రాసుకునేటప్పుడు చెవి తడబడితే అది 52 అవుతుంది. దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, అంటే రెండున్నర మిల్లీగ్రాములు అక్కడ 2,5. ఆరున్నరను ‘సగం ఏడు’ అంటారు. డ్యూటీ మారే వేళ ఈ మాటను ఏడున్నర అనుకుంటే గంట ఆలస్యం.

ఇక పరీక్షలో కనిపించని పని ఒకటుంది. మన ఆసుపత్రుల్లో రోగికి ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం ఎక్కువగా పక్కనుండే బంధువులో, ఆయాలో చూసుకుంటారు. జర్మనీలో అవన్నీ నర్సు పనిలో భాగం. పొద్దున్నే స్నానం చేయించే ఆ కాసేపట్లోనే పెద్దావిడ ఎక్కడ నొప్పిగా ఉందో, రాత్రి ఎందుకు నిద్ర పట్టలేదో చెబుతుంది. అదీ పుస్తకాల జర్మన్‌లో కాదు, బవేరియాలోనైతే బవేరియా యాసలో. మతిమరుపు వ్యాధి ఉన్నవాళ్లు చిన్ననాటి మాటల్లోకి జారిపోతుంటారు. విన్నదాన్ని అర్థం చేసుకుని, తర్వాతి షిఫ్టువాళ్లకు చెప్పి, రికార్డులో తేలిగ్గా అర్థమయ్యేలా రాయాలి. చేతి నైపుణ్యం ఎంతున్నా ఇక్కడ మాట రాకపోతే మంచి నర్సు కూడా మూగబోతుంది. ఆ బాధ చిన్నది కాదు.

అందుకే హడావిడిగా బట్టీపట్టించి సర్టిఫికెట్ చేతికిచ్చి విమానం ఎక్కించే శిక్షణ నర్సులకు అన్యాయమే చేస్తుంది. అక్కడికి చేరాక కూడా నేర్చుకోవడం సాగాలి. జర్మనీ ఊళ్లలో ‘ఫోల్క్స్‌హోఖ్‌షూలె’ అనే వయోజన విద్యాకేంద్రాలు తక్కువ ఫీజుతో సాయంత్రం తరగతులు నడుపుతాయి. కానీ షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు వాటికి వెళ్లడమే కష్టం. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు జీతంతోపాటు ఈ రెండూ అడిగి రాయించుకోవాలి: చేరాక భాషా తరగతులకు డ్యూటీలు సర్దుతారా, ఫీజు ఎవరు కడతారు?