ఇగువానాకు ఎండే మందు

మన నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో ఎండను తిట్టుకోని వాళ్లుండరు. పిల్లలు ముచ్చటపడి ఇగువానాను తెచ్చుకుంటే మాత్రం ఆ ఎండే దానికి ప్రాణం. ఒంటికి నేరుగా ఎండ తగిలితేనే డి విటమిన్ తయారై, తిన్న కాల్షియం ఎముకలకు పడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో లాభం లేదు. దవడ వాచినా, కాళ్లు వణికినా ఎముకలు మెత్తబడుతున్నట్టే; వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి.

రోజూ పొద్దటెండలో ఉంచండి, పక్కనే నీడ ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం వద్దు. మునగాకు, మందారాకులు, సొరకాయ సన్నగా తరిగి పెట్టండి. పాలకూర రోజూ వద్దు, కాల్షియంను ఒంటికి పట్టనివ్వదు. గుడ్డు, మాంసం అసలే పెట్టకండి, కిడ్నీలు చెడిపోతాయి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

2024 నిబంధనల ప్రకారం ఇగువానాను ‘పరివేష్’ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పొలంలో దొరికిందని ఉడుమును తెచ్చి పెంచారో, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరమే సుమా!