ముధోల్ వేటకుక్క – స్వభావం, సంరక్షణ

కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పట్టణం పేరుతో ప్రసిద్ధి చెందిన ముధోల్ వేటకుక్క దక్కను పీఠభూమికి చెందిన దేశవాళీ శునకజాతి. ముధోల్ సంస్థానాన్ని పాలించిన ఘోర్పడే వంశీయులు ఈ జాతిని ఆదరించి పోషించారు. 2005లో భారత తపాలా శాఖ దీని చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది. ప్రాచుర్యం పెరగడంతో నగరవాసులు కూడా వీటి పెంపకంపై ఆసక్తి చూపుతున్నారు. అయితే స్వభావం తెలియకుండా తెచ్చుకుంటే ఇటు యజమానికి, అటు కుక్కకు ఇబ్బందే.

శరీర లక్షణాలు: సన్నని పొడవైన తల, లోతైన ఛాతీ, లోపలికి ముడుచుకున్న పొట్ట, పొడవైన కాళ్ళు, పొట్టి వెంట్రుకలు ఈ జాతి గుర్తులు. చివరి పక్కటెముకలు లీలగా కనిపించడం సహజమే. దానిని బక్కతనంగా భావించి అతిగా మేపరాదు. నడుము, తుంటి ఎముకలు పొడుచుకు వస్తే మాత్రం పోషణ లోపంగానో, నట్టల బెడదగానో అనుమానించాలి.

స్వభావం: ఇది వాసన కంటే చూపుపై ఆధారపడి వేటాడుతుంది. కదిలే జీవి కంటపడగానే తరుముతుంది; ఆ సమయంలో యజమాని పిలుపును లక్ష్యపెట్టదు. ఇది అవిధేయత కాదు, తరతరాల ఎంపిక ఫలితం. కనుక ప్రహరీ లేని చోట, రహదారుల పక్కన పట్టీ లేకుండా విడువరాదు. కోళ్ళు, మేకపిల్లలు ఉన్న ఇళ్ళలో కూనప్రాయం నుంచే వాటికి అలవాటు చేయాలి. అప్పుడు కూడా ఒంటరిగా వదలడం క్షేమం కాదు. కొత్తవారికి దూరంగా మెలగే ఈ కుక్క కొట్టడం, గద్దించడం వల్ల బెదిరిపోతుంది. ఓర్పుతో నేర్పితేనే మాట వింటుంది. కుందేళ్ళ వంటి వన్యప్రాణులను దీనిచేత వేటాడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మేపు, వ్యాయామం: జొన్నరొట్టె, పాలతో పెరగడం ఈ ప్రాంతంలో వాడుక. వాటికి తోడు గుడ్లు, ఉడికించిన మాంసం ఇస్తే మాంసకృత్తులు సమకూరుతాయి. ఉల్లి, చాక్లెట్, ఉడికించిన కోడి బొమికలు పెట్టరాదు. పరుగుకు ముందు, వెనుక కనీసం గంటసేపు మేత ఇవ్వరాదు. లోతైన ఛాతీ గల జాతులలో పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. వేసవిలో తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే పరుగెత్తించాలి. వడదెబ్బ తగిలితే నీడకు చేర్చి, శరీరాన్ని చల్లని నీటితో తడుపుతూ వెంటనే వైద్యునికి చూపాలి.

ఆరోగ్య రక్షణ: ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపర్, పార్వో టీకాలు ప్రారంభించి, మూడు, నాలుగు వారాల వ్యవధిలో మళ్ళీ వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా తప్పనిసరి. నట్టల మందు క్రమంగా తాగించాలి. పిడుదులు ఎర్లీకియా, బెబీసియా వ్యాధులను వ్యాపింపజేస్తాయి కనుక చెవులు, వేళ్ళ సందులు తరచుగా పరీక్షించాలి. చర్మం పలుచన కావడంతో ముళ్ళకంచెల వద్ద సులభంగా చీలుతుంది. శరీరంలో కొవ్వు తక్కువగా ఉండటం వల్ల ఇటువంటి జాతులు కొన్ని మత్తుమందుల నుంచి ఆలస్యంగా కోలుకుంటాయి. శస్త్రచికిత్సకు ముందు కుక్క జాతిని పశువైద్యునికి తెలపడం ప్రాణరక్షకం.

సంతానోత్పత్తి: ఒకే ఈతలో పుట్టిన ఆడ, మగ కుక్కలను జతపరిస్తే పుట్టుకతో వచ్చే లోపాలు పెరుగుతాయి. వంశావళి తెలిసిన పిల్లలనే ఎంచుకోవాలి. ముధోల్ సమీపంలోని తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన శునక పరిశోధన కేంద్రం ఈ జాతి పరిరక్షణకు కృషి చేస్తోంది. పరుగెత్తే చోటు, రోజూ కేటాయించే సమయం ఉన్నవారే ఈ కుక్కను తెచ్చుకోవడం మంచిది.