టోటో బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే?

కోల్‌కతా శివారు వీధుల్లో తిరిగే ఈ-రిక్షాను అక్కడివారు ‘టోటో’ అంటారు. దాని సీటు కింద సాధారణంగా నాలుగు 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీలను సిరీస్‌లో కలుపుతారు. మొత్తం 48 వోల్టులు. అవి త్వరగా పాడైతే డ్రైవరు సంపాదన కొత్త సెట్టుకే పోతుంది.

కారు బ్యాటరీ ఇక్కడ పనికిరాదు. దాని పలుచని పలకలు ఇంజన్ స్టార్ట్ చేయడానికి కొన్ని క్షణాలు ఎక్కువ కరెంటు ఇస్తాయి, అంతే. గంటల తరబడి కరెంటు ఇవ్వాలంటే మందమైన పలకలుండే డీప్-సైకిల్ రకం కావాలి. మోటార్‌హోమ్‌లో ఫ్యాన్లకు, దీపాలకు వేరే బ్యాటరీ పెట్టేది కూడా అందుకే.

100 ఆంపియర్-అవర్ల సెట్టులో 4.8 యూనిట్ల విద్యుత్తు నిల్వ ఉంటుంది. అందులో సగానికి మించి వాడకపోతే ఆయుష్షు పెరుగుతుంది. ఖాళీగా వదిలేస్తే పలకలపై లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడి సామర్థ్యం తగ్గిపోతుంది. అందుకే బండి ఆపిన రాత్రే చార్జింగ్ పెట్టాలి. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి గాలి ఆడే చోటే చార్జ్ చేయాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఖరీదెక్కువ. కానీ నీరు పోసే పని లేదు, 80 శాతం దాకా వాడుకోవచ్చు. చార్జరు మాత్రం దానికి తగినదే ఉండాలి.

పాత బ్యాటరీని ఎక్కడపడితే అక్కడ పగలగొడితే సీసం మట్టిలో కలిసి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులదే.