ద్విపద తెలిసిన పిల్లలకు ఇంగ్లీషు పద్యం కొత్త కాదు

లింగాల: ఇంగ్లీషు క్లాసులో పద్యం మొదలుకాగానే సిమిలీ, మెటఫర్ అంటూ పేర్లు బట్టీ పట్టడం మొదలవుతుంది. అవేమీ ఓడెక్కి వచ్చిన వింత వస్తువులు కావు. తెలుగు సారు ఉపమాలంకారమని చెప్పిందే అక్కడ సిమిలీ, రూపకమన్నదే మెటఫర్. సలేశ్వరం జలధార వెండి తీగలా ఉందంటే ఉపమ. సలేశ్వరం నల్లమల మెడలో వెండి తీగ అంటే రూపకం. 'లా', 'వలె' ఉన్నాయా లేదా చూసుకుంటే చాలావరకు తేడా తెలిసిపోతుంది. కొండ కోపంతో గర్జించిందంటే రాతికి ప్రాణం పోసినట్టు. దాన్నే పర్సానిఫికేషన్ అంటారు. పేరు పెద్దదే గాని పని చిన్నది.

ఇక కప్లెట్ సంగతి. రెండు పాదాల పద్యమది. మన ద్విపద కూడా అంతే. ఇంగ్లీషు కవి చాసర్ 14వ శతాబ్ది చివర కాంటర్బరీ కథలను ఎక్కువగా ఆ జంట పాదాలలోనే చెప్పాడు. అంతకు సుమారు వందేళ్ల ముందే గోన బుద్ధారెడ్డి ద్విపదలో రామాయణం నడిపించాడు. ఆ గోనవారి రాజధాని వర్ధమానపురం ఎక్కడో లేదు, బిజినాపల్లి మండలంలోని నంది వడ్డెమానే! తేడా ఒక్కటుంది. ఇంగ్లీషు ప్రాస పాదం చివర పలుకుతుంది. ద్విపదలో ప్రాస రెండో అక్షరం మీద ఉంటుంది. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదట యతి. ఈ లెక్క వచ్చిన పిల్లవాడికి షేక్స్‌పియర్ పాదంలో అక్షరాల ఊపు లెక్కపెట్టడం కష్టం కాదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఎవరు రాశారో, ఎక్కడిదో చెప్పకుండా ఫోనులో దొరికిన నాలుగు వాక్యాలు జవాబుపత్రంలో దింపేస్తున్నారు. బుద్ధారెడ్డి గ్రంథాన్నే చూడండి. కవి తన తండ్రి విఠలరాజు పేరిట చెబుతున్నానన్నాడు. లోకంలో నిలిచింది రంగనాథ రామాయణమన్న పేరు. కర్త ఎవరన్నదానిపై పండితులు ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. వారధి కట్టేటప్పుడు ఉడుత సాయపడిన కథ ఇందులో ఉంది, వాల్మీకంలో లేదు. దాన్ని వాల్మీకి పేరుతో రాస్తే మార్కు పోవడం న్యాయమే.

ఆధారం చూపడం మార్కులతో ఆగే విషయం కాదని ఈ గడ్డకు తెలుసు. నైజాంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు తేల్చేసినప్పుడు, ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి తిట్టుకు తిట్టు రాయలేదు. 354 మంది కవులను వెతికి, వారి వివరాలతో, పద్యాలతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అంతకు మించిన జవాబు లేదు. ఆయనే తర్వాత కావ్యాల నుంచి తిండీ బట్టా ఆటపాటల ముచ్చట్లు ఏరి ఆంధ్రుల సాంఘిక చరిత్ర కూర్చారు. ఫలానా మాట ఫలానా కావ్యంలోదని చెప్పగలిగారు గనుకనే అది చరిత్ర అయింది. 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ గ్రంథానికే దక్కింది. అప్పటికి ఆయన లేరు.

పిల్లలు పాటించవలసిన పద్ధతి కూడా తేలికే. ఇతరుల మాట ఉన్నదున్నట్టు తీసుకుంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. సొంత మాటల్లోకి మార్చినా, ఆలోచన వారిదే గనుక పేరు చెప్పాలి. చాలామంది తప్పేది ఇక్కడే. పుస్తకమైతే రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ. పాత కావ్యమైతే పేజీ ఒక్కటే చాలదు, ఒక్కో ముద్రణలో ఒక్కో అంకె ఉంటుంది. కాండమో ఆశ్వాసమో పద్య సంఖ్యో రాస్తే ఎవరైనా వెతుక్కోగలరు. ఇంట్లో తాతల నాటి రామాయణం అట్ట ఊడి, మొదటి పుటలు పోయి ఉంటే సంవత్సరం ఊహించి వేయరాదు. కాండం పేరు రాసి, ముద్రణ వివరాలు లేవని పక్కన రాస్తే సరిపోతుంది.