ముడ్డిపూస నొప్పి

కళ్లములో జారి కూలబడినవారికిని, ట్రాక్టరుపై దినమెల్ల కుదుపులు తినువారికిని, ప్రసవమైన స్త్రీలకును వెన్ను తుద నుండు చిన్న యెముక నొప్పి పట్టుట కలదు. చెప్పుకొన సిగ్గుపడి యేండ్ల తరబడి యోర్చుకొనువారిని మే మెఱుగుదుము. చేయి విఱిగిన నింత దాతుమా? పుత్తూరుకట్టు చేతికిని కాలికిని గట్టుదురు; ఈ యెముకకు కట్టు నిలువదు. వెనుకభాగమున సందు గోసిన మెత్తపై ముందునకు వంగి కూర్చుండుట, వేడి కాపడము, మలబద్ధము లేకుండ జూచుకొనుట, వీనితోనే పెక్కుమందికి కొన్ని వారములలో నెమ్మదించును. రెండుమూడు నెలలైనను తగ్గనిచో నెముకల వైద్యునికడ కేగవలెను. ఆయన నిలుచుండగా నొకటి, కూర్చుండగా నొకటి ఎక్స్‌రే తీయించి, యెముక కదలిక జూచి, యవసరమైన నచ్చటనే సూదిమందు వేయును. ఎముక దీసివేయు శస్త్రచికిత్స కడపటిది, అరుదు. జ్వరము, చీము, కాళ్ల తిమ్మిరి, మూత్రము పట్టు తప్పుట కనబడినచో మాత్ర మొక్క దినమైన నాగరాదు.